ఒక్క ఊపులో

ఆ సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి కొలతలాయన తన కారులోకి తాను ఎక్కలేకపోయాడు.

కొలతలాయన అని పేరు పెట్టింది ఆఫీసువాళ్ళు. నీటి సరఫరా ఆఫీసులో పటాలు గీయడం ఆయన ఉద్యోగం. ఏ వీధి కింద ఎంత లావు గొట్టం పోతోందో, ఏ మలుపులో ఎన్ని అడుగుల లోతున ఉందో తవ్వేవాళ్ళకి ఆయన పటమే చెప్పాలి. జానెడు తేడా వచ్చినా ఎవరి గోడకో ముప్పు కాబట్టి ఆయన దేన్నీ ఉజ్జాయింపుగా వదిలేవాడు కాదు. ఆఖరికి టీ కప్పుకీ బల్ల అంచుకీ మధ్య కూడా స్కేలు పెట్టి చూసుకుంటాడని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. "ఆరంగుళాలు," అనేవాడాయన తల ఎత్తకుండానే.

మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. నలభై ఏళ్ళ దాకా ఇనప పట్టీలతో, చంకకర్రలతో నెట్టుకొచ్చి, ఆ తర్వాత చక్రాల కుర్చీకి మారాడు. ఇప్పుడు యాభై రెండు. కాళ్ళు చేయాల్సిన పనంతా చేతులే చేసి చేసి, బస్తాలు మోసేవాడి భుజాల్లా తయారయ్యాయి ఆయన భుజాలు. కారు కూడా చేతులతోనే నడిపేవాడు. స్టీరింగు పక్కన ఒక కడ్డీ బిగించి ఉంటుంది. తన వైపు లాగితే వేగం, అవతలికి నొక్కితే బ్రేకు.

కారెక్కడానికి ఆయనకో పద్ధతి ఉంది. తలుపు బార్లా తీసి, కుర్చీని సీటుకి ఆనించి, కుర్చీ బ్రేకు వేసి, ఎడమ అరచెయ్యి సీటు మీద, కుడి అరచెయ్యి కుర్చీ పట్టె మీద ఆన్చి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపు. అంతే, సీట్లో ఉండేవాడు. ఆ తర్వాత కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి ఎత్తి పెట్టుకుని, కుర్చీ చక్రాలు ఊడదీసి, మడిచి, తన మీదుగా పక్క సీట్లోకి లాక్కునేవాడు. మొత్తం కలిపి నాలుగు నిమిషాలు. పన్నెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఇంకొకరి చెయ్యి అడిగినవాడు కాదు.

ఆ రోజు ఆ ఊపు సగంలో ఆగిపోయింది. నడుము సీటు అంచుకి కొట్టుకుని, జారి మళ్ళీ కుర్చీలోనే పడ్డాడు. ఏదో పరధ్యానంలో ఉన్నానులే అనుకుని మళ్ళీ ప్రయత్నించాడు. రెండోసారీ అదే వరస. మూడోసారి పళ్ళు బిగించి, సీటు అంచు మీదికి సగం ఎక్కి, స్టీరింగు పట్టుకుని ఒళ్ళు ఈడ్చుకుంటూ లోపలికి చేరాడు. అద్దంలో చూసుకుంటే ముఖమంతా ముచ్చెమటలు.

ఆయనకి వెంటనే గుర్తొచ్చింది డాక్టరు మాట. పదేళ్ళ కిందట నరాల డాక్టరు మెల్లగా, నచ్చజెబుతున్నట్టు చెప్పాడు: "చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్ళలో కొందరికి పెద్దయ్యాక మళ్ళీ కొత్తగా నీరసం మొదలవుతుందండీ. ఇన్నేళ్ళూ బరువు మోసిన కండరాలే అలిసిపోతాయి. అందరికీ రాదు. మీకు రాకపోవచ్చు. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి, చాలు."

మీకు రాకపోవచ్చు అన్న ముక్క ఒక్కటే జేబులో వేసుకుని వచ్చేశాడు అప్పుడు. ఏటా వెళ్ళి చూపించుకుంటూనే ఉన్నాడు, ఏటా ఏమీ లేదంటూనే ఉన్నారు. ఇప్పుడు డ్రైవింగు సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివంక చూసుకుంటూ కూర్చున్నాడు. వచ్చేసింది, అనుకున్నాడు.

అంతకు రెండు రోజుల ముందు, శనివారం నాడు, బావమరిది వచ్చి కారు పట్టుకుపోయాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. అక్క ఇంటికి ఏదో ఒకటి చేసిపెట్టకపోతే అన్నం సయించని మనిషి. పాత టైర్లు బోడిగుండులా అరిగిపోయాయని ఏడాదిగా గోల పెడుతున్నాడు. తన పాత కారు అమ్మేసినప్పుడు దాని చక్రాలు నాలుగూ విప్పి దాచుకున్నాడట, రిమ్ములు తళతళలాడిపోతున్నాయి, టైర్లు పట్టుమని వెయ్యి కిలోమీటర్లు తిరగలేదు. సాయంత్రానికల్లా వాటిని బిగించి తెచ్చి ఇంటి ముందు ఆపాడు.

"చూడు బావా, పెళ్ళికొడుకులా లేదూ? ఇక నీ కారు కడుపు ఏ స్పీడ్ బ్రేకరుకీ రాసుకోదు. పూచీ నాది."

"బాగుందిరా," అన్నాడు కొలతలాయన మనస్ఫూర్తిగానే. ఆదివారం ఎక్కడికీ వెళ్ళలేదు. సోమవారం సంగతి చెప్పనే చెప్పాను.

ఆ రెంటికీ లంకె ఉంటుందని ఆయన బుర్రకి తట్టలేదు. ఊరందరి గొట్టాల లోతులూ లెక్కగట్టే మనిషికి తట్టాల్సిందే. కానీ పదేళ్ళుగా లోలోపల ఒక భయాన్ని పెంచుకున్నవాడికి, అది ఎదురొచ్చి నిలబడ్డట్టు అనిపించాక ఇంకో కారణం వెతకాలని ఎందుకు తోస్తుంది?

మర్నాడు రెండో ప్రయత్నంలో ఎక్కాడు. బుధవారం నాలుగోసారికి. గురువారం ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ఎక్కలేక, ఫోను మాట్లాడుతున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని పావుగంట కుర్చీలోనే కూర్చున్నాడు, పక్క కారు ఆయన వెళ్ళిపోయేదాకా. దిగడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, జర్రున జారి కుర్చీలో పడేవాడు. ఇంట్లో కుర్చీలోంచి మంచం మీదికి వెళ్ళడానికీ ఇబ్బంది లేదు. మంచం పల్లంగా ఉంటుంది కాబట్టి తెలియడం లేదు, రేపో మాపో అదీ అవుతుందిలే అనుకున్నాడు.

భార్యకి చెప్పలేదు. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఇంట్లోనూ ఆమె కళ్ళు కప్పడం అంత తేలిక కాదు. రెండో వారంలో ఆయన చొక్కా మార్చుకుంటుంటే నడుము పక్కన నల్లగా కమిలిన చోటు చూసింది.

"ఏమిటండీ అది?"

"బీరువా తగిలింది."

"బీరువాకి మీమీద ఏం పగ? అక్కడికెలా తగిలింది?"

"తగిలిందంటే తగిలిందోయ్. దానికి పటం గీసి చూపించమంటావా?"

ఆమె మందు రాసింది కానీ మారుమాట్లాడలేదు. ఆవిడ మారుమాట్లాడకపోతే నమ్మిందని కాదు, కనిపెట్టుకుని ఉంటుందని అర్థం. పాతికేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. అందుకే ఆ వారం నుంచి పొద్దున్నే ఏడున్నరకే బయల్దేరసాగాడు, ఆమె ఇంకా స్నానాల గదిలో ఉండగానే. ఆఫీసులో గది తలుపు వేసుకుని, నీళ్ళు నింపిన సీసాలు రెండు చేతులతో పైకీ కిందికీ ఎత్తడం మొదలుపెట్టాడు. బలం పెరుగుతుందని ఆశ. దాంతో భుజాలు పట్టేసి, మరింత కష్టమైంది. అది చూసి ఇంకా భయపడ్డాడు.

మూడో వారం మొదట్లో భోజనాల దగ్గర, ప్లేట్లోంచి తల ఎత్తకుండా అన్నాడు: "కారు అమ్మేద్దామనుకుంటున్నాను."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏ కారు?"

"మనకెన్ని కార్లున్నాయి?"

"అబ్బే, ఎవరో మాట్లాడుతున్నారనుకున్నాను. దానిమీద కాకి వాలితేనే గుడ్డ పట్టుకుని పరిగెత్తించే మనిషి కదా మీరు! నన్ను పరిగెత్తించే మనిషి."

"పాతదైపోయింది. టాక్సీలో వెళ్తే హాయి. ఎక్కించి దించుతారు."

ఎక్కించి దించుతారు అన్న మాట ఆయన నోట విన్నాక ఆమెకి ముద్ద దిగలేదు. ఆ రోజే డాక్టరు దగ్గర వచ్చే వారం బుధవారానికి సమయం అడిగి పెట్టుకుంది, ఆయనకి చెప్పకుండా. మొగుడు నోరు విప్పకపోతే విప్పించే మనిషి దగ్గరికే తీసుకెళ్ళాలని ఆమె లెక్క.

అయితే ఆ బుధవారం రాకముందే శుక్రవారం వచ్చింది.

ఇంటి నుంచి ఆఫీసుకి పన్నెండు కిలోమీటర్లు. ఉజ్జాయింపుగా పన్నెండు కాదు, సరిగ్గా పన్నెండు. ఆ రోడ్డు కింద పోయే పెద్ద గొట్టాన్ని ఆయనే రెండుసార్లు పటంలో గీశాడు. కారు మీటర్లో సున్నా చేసుకునే వీలున్న అంకెల వరస ఒకటుంటుంది. సరదా పుట్టినప్పుడల్లా ఇంటి దగ్గర దాన్ని సున్నా చేసి బయల్దేరితే, ఆఫీసు గేటు దాటి తన చోటులో కారు ఆపేసరికి పన్నెండు పాయింట్ సున్నా పడేది. చూసి ముచ్చటపడేవాడు. ఈ మూడు వారాలుగా ఆయనకి ఏ ముచ్చటా లేదు. ఆ శుక్రవారం పొద్దున్న ఒళ్ళీడ్చుకుని సీట్లోకి చేరేటప్పుడు మోచెయ్యి తగిలిందో ఏమో, ఆ వరస సున్నా అయింది. చూశాడు కానీ పట్టించుకోలేదు. ఆఫీసు దగ్గర కారు ఆపి, దిగడానికి మనసొప్పక కూర్చున్నప్పుడు మీటరు కంటబడింది.

పదకొండు పాయింట్ ఒకటి.

తప్పు చూశాననుకుని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పదకొండు పాయింట్ ఒకటే. అడ్డదారిన రాలేదు. రోజూ వచ్చే దారే, రోజూ ఆగే చోటే. తొమ్మిది వందల మీటర్ల రోడ్డు ఎటు పోయినట్టు?

ఆఫీసులో ఇలాంటిది నెలకోసారైనా వస్తుంది. నిరుడు కొలిచిన వీధి ఈ ఏడు పొట్టిదైందని కొత్త ఉద్యోగి ఎవడో వచ్చి చెబుతాడు. వీధి పొట్టిదవదు నాయనా, నీ టేపు సాగింది, పోయి చూసుకో అని పంపిస్తాడీయన. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. కారుకి టేపు ఏమిటి? చక్రం. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి మీటరు దూరం చెబుతుంది. చుట్లు తగ్గాయంటే చక్రం పెద్దదయిందన్నమాట.

చక్రం పెద్దదయితే?

జేబులోంచి పెన్సిలు తీశాడు. కాగితం దొరక్క అరచేతి మీదే వేశాడు లెక్క. పన్నెండుని పదకొండు పాయింట్ ఒకటితో భాగిస్తే నూటికి ఎనిమిది చొప్పున పెరిగింది చక్రం. పాత చక్రం నిలువునా యాభై ఏడు సెంటీమీటర్లు అనుకుంటే, నాలుగున్నర సెంటీమీటర్ల పైచిలుకు పెరిగింది. అందులో సగం ఇరుసుకి కింద, సగం ఇరుసుకి పైన. కింద పెరిగిన సగమే కారుని పైకెత్తుతుంది. రెండు పాయింట్ మూడు. ఇంచుమించు అంగుళం.

సీటు అంగుళం పైకి పోయింది.

లెక్క మళ్ళీ వేశాడు, అదే వచ్చింది. నమ్మాలని ఉంది, నమ్మడానికి ధైర్యం చాలడం లేదు. లెక్క తప్పయితే? ఆశపడ్డాక అదీ కాదంటే ఏం చేయాలి? అయిదు నిమిషాలు అలాగే కూర్చుని, చివరికి భార్యకి ఫోను చేశాడు.

"ఒక్కసారి నా ఆఫీసుకి రాగలవా?"

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఏమీ కాలేదేమోనని అనిపిస్తోంది. నువ్వు పక్కనుంటే బాగుండును."

పాతికేళ్ళలో ఆయన నువ్వు పక్కనుంటే అన్నది ఎన్నిసార్లో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. అరగంటలో వచ్చేసింది, షాపు ఆప్రాన్ విప్పకుండానే, జేబులో కళ్ళజోళ్ళు బిగించే చిన్న స్క్రూడ్రైవరుతో సహా. ఆయన కారు దిగి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమెని నిలబెట్టే చెప్పాడు, మూడు వారాల సంగతంతా. సోమవారం నాటి చెమటలు, పావుగంట దొంగ ఫోను, నీళ్ళ సీసాలు, కమిలిన నడుము. చెబుతున్నంతసేపూ ఆమె కారు టైరు వంకే చూస్తూ నిలబడింది. తర్వాత అరచెయ్యి చాపి లెక్క చూపించాడు.

"నాకీ అంకెలు తెలియవు కానీ," అంది ఆమె, "మంచం మీదికి బాగానే వెళ్తున్నారు కదా? సోఫాలోకి వెళ్తున్నారు కదా? చేతుల్లో బలం పోతే కారు దగ్గర ఒక్కచోటే పోతుందా?"

ఆయన తన అరచేతి వంక మళ్ళీ చూసుకున్నాడు.

"పదండి, టైర్ల షాపుకి. ముందు దీని సంగతి చూద్దాం. మీ సంగతి తర్వాత తీరిగ్గా చూస్తాను."

కారెక్కబోతే రెండుసార్లు జారాడు. ఆమె ఎదురుగా నిలబడి చూడటం అదే మొదలు. మూడోసారి ఆమె ఏమీ అడక్కుండా వెనక నడుం కింద చెయ్యి వేసి ఎత్తింది. ఆయనా వద్దనలేదు.

టైర్ల షాపు పెద్ద రోడ్డు మలుపులో ఉంది. యజమాని ఒక నడివయసావిడ. మోచేతుల దాకా నల్లటి మరకలు, చెవి మీద సుద్దముక్క. మాట మోటుగా ఉన్నా మనిషి ఓపికస్తురాలు. ఈయన చెప్పిందంతా విని, లెక్క రాసిన అరచెయ్యి చూసి, "అన్నగారూ, మీరు మా షాపులో ఉండాల్సినవారు," అంది. తర్వాత కారు ముందు గొంతుక్కూర్చుని, టైరు పక్కన అచ్చు వేసి ఉన్న అంకెలు వేలితో తుడిచి చదివింది.

"నూట ఎనభై అయిదు, అరవై అయిదు, పదిహేను. ఈ కారుకి కంపెనీ ఇచ్చేది నూట డెబ్బై అయిదు, అరవై అయిదు, పద్నాలుగు. తలుపు పక్కన చీటీ అంటించి ఉంది, చూడండి."

"అంటే ఏమిటమ్మా? తెలుగులో చెప్పు," అంది కొలతలాయన భార్య.

"చెప్తాను వదినా. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎన్ని వంతులు రబ్బరు గోడ ఎత్తుంటుందో చెప్తుంది. మూడోది లోపలి రిమ్ము, అంగుళాల్లో. చాలామంది రిమ్ము పెద్దదయితే కారు లేస్తుందనుకుంటారు. ఒక్కటే చూస్తే లాభం లేదు. పెద్ద రిమ్ము వేసి పల్చటి టైరు వేస్తే కారు ఉన్న ఎత్తులోనే ఉంటుంది. రెండూ కలిపి బయటి చుట్టు ఎంతయిందో అదీ లెక్క. మీ తమ్ముడుగారు రిమ్ము పెద్దది వేశారు, రబ్బరూ పెద్దదే వేశారు."

ఈ టైరుని పాత కొలత టైరు పక్కన నిలబెడితే తప్ప ఈయన నమ్మడని షాపావిడకి తోచినట్టుంది. లోపలికి వెళ్ళి పద్నాలుగంగుళాల చక్రమొకటి దొర్లించుకొచ్చి కారు చక్రం పక్కన నిలబెట్టింది. రెండు చక్రాల నడిమధ్యకీ, ఇరుసు ఎత్తున, ఒక చెక్క బద్ద అడ్డంగా ఆనించి చూపించింది. బద్ద ఏటవాలుగా నిలిచింది.

"ఇది కొత్త టైరు కాబట్టి తేడా పంతొమ్మిది మిల్లీమీటర్లే. మీ పాతవి బోడిగా అరిగాయన్నారు, కాబట్టి ఇంకో అయిదు మిల్లీమీటర్లు కలపండి. మొత్తం ఇరవై నాలుగు. మీ అరచేతిలో ఉన్నది ఇరవై మూడు. ఒక్క మిల్లీమీటరుకి మిమ్మల్ని క్షమించేశాను."

అప్పుడామె చూపు కుర్చీ మీద పడింది. వంగి దాని చక్రాన్ని బొటనవేలితో నొక్కింది. వేలు మెత్తగా లోపలికి దిగింది.

"దీనికి గాలి ఎప్పుడు కొట్టించారు?"

కొలతలాయన ఆలోచించాడు. చలికాలం ముందెప్పుడో.

"గాలీ లేదు, టైరూ అరిగింది. ఇదొక ఏడెనిమిది మిల్లీమీటర్లు కూర్చుండిపోయింది అన్నగారూ. అక్కడ కారు పైకి లేచింది, ఇక్కడ కుర్చీ కిందికి దిగింది. రెండూ కలిపితే అంగుళంపావు. చేతులమీద లేచేవాళ్ళకి అంగుళంపావంటే ఏమన్నా తక్కువా? నేనయితే మొదటి రోజే చతికిలబడేదాన్ని."

కొలతలాయన వంగి కుర్చీ చక్రాన్ని తనూ నొక్కి చూశాడు. భార్య మాత్రం ఆ మాటతో సరిపెట్టుకోలేదు. "చూడాలి కదా," అంది. "లెక్క సరే, మనిషి ఎక్కితే కదా నమ్మకం."

షాపావిడ కుర్చీకి గాలి కొట్టింది. తర్వాత మూల నుంచి రెండు ప్లైవుడ్ ముక్కలు తెచ్చి కారు పక్కన ఒకదానిమీదొకటి పరిచింది. స్కేలు పెట్టి చూస్తే రెండూ కలిపి పాతిక మిల్లీమీటర్లు. వాటి మీదికి కుర్చీని ఎక్కించి, జరగకుండా తనే వెనక పట్టుకుంది. పని చేసుకుంటున్నవాళ్ళు ఇద్దరు స్పానర్లు పక్కన పెట్టి చూడసాగారు.

ఎడమ అరచెయ్యి సీటు మీద. కుడి అరచెయ్యి కుర్చీ పట్టె మీద. ఊపిరి బిగబట్టాడు. ఎక్కలేకపోతే ఈసారి చెప్పుకోవడానికి ఇంకే కారణమూ మిగలదని తెలుసు. కళ్ళు మూసుకుని ఒక్క ఊపు.

కళ్ళు తెరిచేసరికి సీట్లో ఉన్నాడు. ఎక్కడా తగల్లేదు, జారలేదు. ఎంత తేలికగా వచ్చిపడ్డాడంటే, ఊపు ఎక్కువై భుజం స్టీరింగుకి కొట్టుకుని హారను మోగింది. పనివాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు.

కొలతలాయన తన చేతులు రెండూ ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళనీళ్ళు వచ్చాయి. మూడు వారాలుగా గుండెల మీద కూర్చున్న బరువు ఎప్పుడు దిగిపోయిందో తెలియలేదు కానీ, ఊపిరి కడుపుదాకా అందింది.

భార్య తలుపు పట్టుకుని నిలబడింది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది.

"మూడు వారాలు! ఇరవై ఒక్క రోజులు నాతో కలిసి తిన్నారు, కలిసి టీవీ చూశారు, ఒక్క ముక్క చెప్పలేదు! బీరువా తగిలిందట, బీరువా! ఆ బీరువా మన పెళ్ళయినప్పటి నుంచి ఆ మూలే ఉంది, ఇన్నేళ్ళలో తగలంది ఇప్పుడు తగిలిందా? అద్దంలో వెంట్రుకవాసి తేడా ఉంటే పట్టుకుంటాను నేను. మొగుడు భయంతో చచ్చిపోతుంటే పట్టుకోలేననుకున్నారా? పోనీ, నిజంగానే చేతులు పడిపోయాయనుకోండి. అప్పుడు మాత్రం? నేనెక్కడికి పోతాననుకున్నారు?"

"నువ్వు పోతావని కాదోయ్..."

"మరి?"

ఆయన కడ్డీ మీద చెయ్యి వేసి, "నీ ముందు పడిపోవడం ఇష్టంలేక," అన్నాడు.

ఆమె ఆప్రాన్ అంచుతో ముందు ఆయన ముఖం తుడిచి, తర్వాత తన ముఖం తుడుచుకుంది. షాపావిడ ఈ లోపల టీ తెప్పిస్తానని బయటికి పోయి చాలాసేపు రాలేదు.

బావమరిదికి అక్కే ఫోను చేసింది. ఆమె రెండు మాటలు చెప్పేలోపలే వాడికి విషయం అర్థమైంది. పాత రిమ్ములు వాడి గ్యారేజీలోనే ఉన్నాయి. నాలుగూ వేసుకుని అరగంటలో వచ్చి దిగాడు. ముఖం చూస్తే ఎవరో చెంప ఛెళ్ళుమనిపించినట్టుంది.

"బావా, నేను కడుపు రాసుకుంటోందని ఎత్తు పెంచాను గానీ, నువ్వు ఎక్కేది ఎలాగో ఆలోచించలేదు. నన్ను తిట్టు బావా."

"ఎందుకురా తిట్టడం? ఎత్తు పెరుగుతుందని నువ్వు చెప్పనే చెప్పావు. వినాల్సినవాణ్ణి నేను వినలేదు."

"తిట్టకపోతే నాకు నిద్రపట్టదు."

"సరే అయితే, వెధవా. చాలా?"

"ఇంకొక్కటి."

"మీ అక్క ఇందాక నన్ను తిట్టింది, అందులో సగం నీకిస్తున్నాను, తీసుకో."

వాడు నవ్వాడు. ఆ పూటే పాత రిమ్ములకి కంపెనీ కొలత టైర్లు కొత్తవి ఎక్కించి బిగించారు. కారు జాకీ మీద నుంచి దిగి నేల మీద నిలబడగానే కొలతలాయన జేబులోంచి స్కేలు తీసి నేల నుంచి సీటు అంచు దాకా కొలిచాడు. షాపావిడకి నవ్వాగలేదు. మళ్ళీ ఎక్కువసార్లు కడుపు రాసుకుంటుంది కదా అని బావమరిది నసిగితే, ఆవిడే సలహా చెప్పింది: "స్పీడ్ బ్రేకరు మీదికి మెల్లగా, కాస్త ఏటవాలుగా ఎక్కించండి అన్నగారూ. అప్పటికీ రాసుకుంటే రాసుకోనివ్వండి. అది ఇనుము, మందు రాయక్కర్లేదు."

ఆ సాయంత్రం ఇంటి ముందు కొలతలాయన ఊరికే మూడుసార్లు కారు ఎక్కి మూడుసార్లు దిగాడు. గుమ్మంలోంచి భార్య "చాలు, రండి, చల్లారిపోతోంది," అని పిలుస్తూనే ఉంది.

డాక్టరు దగ్గర తీసుకున్న సమయాన్ని మాత్రం ఆమె రద్దు చేయలేదు. టైర్లావిడ టైర్ల సంగతి చెప్పింది, చేతుల సంగతి డాక్టరే చెప్పాలి అంది. బుధవారం ఇద్దరూ వెళ్ళారు. డాక్టరు ఆయన చేతిలో పిడికిలి బలం చూసే పరికరం పెట్టి నొక్కమన్నాడు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మళ్ళీ కుడి చెయ్యి. నిరుటి కాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు. భుజాలు తిప్పించి, మోచేతులు వంపించి, తోయమని లాగమని అరగంట పరీక్ష చేశాడు.

"నిరుడు ఎంతో ఇప్పుడూ అంతే. కుడి చెయ్యి నిజానికి ఒక మెట్టు ఎక్కువే ఉంది. భుజాలే కొంచెం వాచినట్టున్నాయి, ఏమైనా బరువులు ఎత్తారా?"

"నీళ్ళ సీసాలండీ," అంది భార్య, ఆయనకి జవాబిచ్చే అవకాశం ఇవ్వకుండా.

"అవి ఆపేయండి. రెండు వారాలు విశ్రాంతి. మళ్ళీ వచ్చే ఏడు కనిపించండి."

బయటికొచ్చాక కొలతలాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కారు దగ్గర ఒక్క ఊపులో ఎక్కి, కుర్చీ లోపలికి లాగి వెనక సీట్లో పడేశాడు, పక్క సీటు ఆమెది కాబట్టి. ఆమె కూర్చుని, చెప్పులు విడిచి, తల వెనక్కి వాల్చింది.

"ఎటు?" అన్నాడు.

"ఎటైనా సరే. ఇంటికి మాత్రం ఇప్పుడే వద్దు."

నది ఒడ్డు రోడ్డు ఎక్కించాడు. ఎండ తగ్గింది. కిటికీ అద్దం దించితే గాలి చల్లగా కొట్టింది. ఏదో చెబుదామని పక్కకి తిరిగి చూసేసరికి ఆమె నిద్రపోతోంది, నోరు కాస్త తెరుచుకుని, చేతిసంచి ఒళ్ళోంచి జారిపోతున్నా తెలియనంత గాఢంగా. ఒక చేత్తో ఆ సంచి తీసి పక్కన పెట్టాడు. వంతెన దగ్గర ఇంటివైపు తిరగాల్సిన మలుపు వచ్చింది. తిరగలేదు. ఆమె లేచేదాకా అలా నెమ్మదిగా నడుపుతూనే ఉన్నాడు.